అమ్మని చూసుకోవడానికి సెలవు పెడితే పెన్షన్ రేటు డబులా? కెనడా ట్రెజరీ బోర్డుకి ఒక బహిరంగ లేఖ

కెనడా ట్రెజరీ బోర్డు అధ్యక్షుల వారికి,

నమస్తే. నేను ఒట్టావాలో ఫెడరల్, అంటే కెనడా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని, సొంతూరు తెనాలి. మాకు యజమాని తరఫున నిలబడేది మీ బోర్డే, మా పెన్షన్ నిబంధనలూ మీ చేతిలోనే ఉన్నాయి. ఇదే సంగతి ఇంగ్లీషులో రాసి యూనియన్ ద్వారా మీకు పంపించాను, దాని జవాబు దాని దారిన వస్తుంది. ఇది మాత్రం తెలుగులో, నలుగురికీ కనిపించేలా రాస్తున్నాను. ఎందుకంటే అమ్మానాన్నల్ని చూసుకోవడానికి పెట్టిన సెలవుకి పెన్షన్ రేటు డబుల్ చేసే ఈ నిబంధన దెబ్బ తగిలిన మా తెలుగువాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు, ఒక్కరూ నోరు విప్పరు, అడిగితే "ఏదో కట్టేశాం లెండి, ఇప్పుడెందుకు అవన్నీ" అంటారు. కట్టేశాం కదా అని అది న్యాయం అయిపోదు.

అడగాల్సింది ముందే అడిగేస్తాను, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కాబట్టి. కుటుంబ సభ్యుల్ని చూసుకోవడానికి తీసుకునే జీతం లేని సెలవుకి, మూడు నెలలు దాటాక కూడా, పెన్షన్ కాంట్రిబ్యూషన్ సింగిల్ రేటులోనే తీసుకోండి. ప్రసూతి సెలవుకీ, అనారోగ్య సెలవుకీ ఇప్పుడు ఎలా తీసుకుంటున్నారో అలాగే. అంతే.

ఈ పద్ధతి తెలియని వాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. ఫెడరల్ ఉద్యోగి జీతం లేని సెలవు పెడితే ఆ కాలం పెన్షన్ సర్వీసులో కలవాలంటే దానికి డబ్బు కట్టాలి, జీతం రాలేదు కాబట్టి నెలనెలా కోత పడదు, ఆ బాకీ అంతా పోగుపడి మనం తిరిగి చేరాక మీద పడుతుంది. మొదటి మూడు నెలలకి కట్టడం తప్పనిసరి, అది సింగిల్ రేటు, అంటే మామూలుగా జీతంలోంచి ఎంత పోయేదో అంతే. ఆ తర్వాతి నెలలు మన ఇష్టం. కావాలంటే సర్వీసులో కలుపుకోవచ్చు, వద్దంటే తిరిగి చేరిన మూడు నెలల్లోపు వద్దని రాసివ్వాలి. రాసివ్వకపోతే కావాలన్నట్టే లెక్క, కోత దానంతటదే మొదలవుతుంది. ఇక్కడే అసలు మెలిక. ఆ తర్వాతి నెలల రేటు ఎంతన్నది మనం ఎందుకు సెలవు పెట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. మనకి ఒంట్లో బాగాలేకపోతే సింగిల్. బిడ్డ పుడితే 52 వారాల వరకు సింగిల్. ప్రభుత్వానికి పనికొచ్చే చదువు కోసం వెళ్తే సింగిల్. మంచాన పడ్డ అమ్మనో నాన్ననో చూసుకోవడానికి వెళ్తే డబుల్. వ్యక్తిగత అవసరాలకని పెట్టిన సెలవుకి ఏ రేటో దానికీ అదే రేటు. యూరప్ చూసి రావడానికి వెళ్లిన వాడినీ, అమ్మకి పక్క మార్చడానికి వెళ్లిన దాన్నీ మీ నిబంధన ఒకే గాటన కట్టింది.

లెక్క వేసి చూపిస్తాను, గుండ్రటి అంకెలతో. ఒక ఉద్యోగి జీతం ఏడాదికి 80,000 డాలర్లు, పెన్షన్‌కి నెలకి 650 డాలర్లు పోతుంది అనుకుందాం. (అసలు రేటు ఏటా కొంచెం అటూ ఇటూ మారుతుంది, 2013కి ముందు చేరిన వాళ్లకి ఒకటి, తర్వాత చేరిన వాళ్లకి ఇంకొకటి, ఆ గొడవ ఇప్పుడు వద్దు.) ఏడాది సెలవు పెట్టి పిల్లని చూసుకుంటే ఆ ఉద్యోగి బాకీ 12 నెలలకి 7,800 డాలర్లు. అదే ఏడాది అమ్మని చూసుకుంటే మొదటి మూడు నెలలకి 1,950, మిగతా తొమ్మిది నెలలకి డబుల్ రేటున 11,700, మొత్తం 13,650. తేడా 5,850 డాలర్లు. ఈ బాకీని సెలవు కాలానికి రెండింతల కాలంలో వసూలు చేస్తారు, అంటే ఏడాది సెలవుకి రెండేళ్లు. నెలకి దాదాపు 569 డాలర్లు, మామూలు 650కి అదనంగా. ఏడాది పాటు జీతం లేకుండా, అక్కడ ఆసుపత్రి ఖర్చులూ ఆయాల జీతాలూ ఇస్తూ, ఇక్కడ ఇంటి లోను కట్టుకుంటూ, ఉన్న నాలుగు డాలర్లూ ఊడ్చేసుకుని వచ్చిన మనిషి జీతంలోంచి నెలకి 1,219 డాలర్లు పెన్షన్ పేరు మీద పోతాయి. సప్లిమెంటరీ డెత్ బెనిఫిట్ (ఉద్యోగుల జీవిత బీమా లాంటిది) బాకీ లాంటివి వేరే.

మా అమ్మకి తుంటి ఎముక విరిగింది. నాన్న లేరు, నేను ఒక్కదాన్నే సంతానం. ఆపరేషన్ బాగానే అయింది, కానీ ఆ వయసులో తుంటి ఆపరేషన్ అంటే అసలు పని ఆ తర్వాతే మొదలవుతుందని చూసిన వాళ్లకి తెలుసు. వాకర్ పట్టుకుని రెండు అడుగులు వేయించడానికి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. రాత్రిళ్లు బాత్రూమ్‌కి తీసుకెళ్లాలి, ఆయా పడుకుని నిద్రపోతుంది, అమ్మ ఆయాని లేపడానికి మొహమాటపడి తనే లేవబోతుంది, ఇంకోసారి పడితే ఇక అంతే సంగతులు. షుగర్ ఉంది కాబట్టి కుట్లు మానడం ఆలస్యం. ఫిజియోథెరపీ కుర్రాడు ఒకరోజు వస్తాడు, ఒకరోజు రాడు. ఇవన్నీ వీడియో కాల్‌లో ఒట్టావా నుంచి నడిపించొచ్చని మొదట్లో నేనూ అనుకున్నాను, అందరూ అనుకుంటారు. మూడు నెలల్లో తేలిపోతుందనీ అనుకుంటారు. తేలదు. సరిగ్గా ఆ మూడు నెలల దగ్గరే మీ మీటరు డబుల్ అవుతుంది.

తిరిగొచ్చి డ్యూటీలో చేరాక మొదటి జీతం చూసుకుని ఇదేదో పొరపాటు అనుకున్నాను. పే స్లిప్‌లో మామూలు పెన్షన్ కోత కింద ఇంకో కోత, పేరు చూస్తే ఏదో కోడ్ లాగా ఉంది. జీతాల వాళ్లకి ఫోన్ చేస్తే ఒకరు "అది మా దగ్గర కాదు" అన్నారు, ఇంకొకరు "సెలవు బాకీ, రెండేళ్లు పడుతుంది" అన్నారు, ఎంత బాకీ, ఏ నెలకి ఏ రేటు అని అడిగితే వాళ్ల స్క్రీన్ మీద మొత్తం ఒక్కటే కనిపిస్తోందట. వద్దని రాసివ్వడానికి గడువు ఉందన్న మాట మాత్రం వాళ్లలో ఎవరూ చెప్పలేదు, అది మా ఫ్లోర్‌లోనే పనిచేసే ఒక పెద్దాయన చెప్పారు, ఆయన భార్య ఆరోగ్యం కోసం ఇదే సెలవు వాడుకున్నారు. చివరికి నేను కట్టడానికే నిర్ణయించుకున్నాను. ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు మీ వైపు వాదన ఏమిటో నాకు తెలుసు, అదే చెప్పుకుందాం. డబుల్ అంటే జరిమానా ఏమీ కాదు, పెన్షన్ ఖర్చులో సగం ఉద్యోగిది, సగం ప్రభుత్వానిది, మీరు పని చేయని కాలానికి మా సగం మేమెందుకు కట్టాలి, రెండు భాగాలూ మీరే కట్టుకోండి, అంటారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఆ మాట మీద మీరే నిలబడలేదు కదండీ. బిడ్డ పుట్టినప్పుడు ఉద్యోగి పని చేయడం లేదు, అయినా మీ సగం మీరు కడుతున్నారు. జబ్బు చేసినప్పుడు పని చేయడం లేదు, అప్పుడూ కడుతున్నారు. చదువుకోవడానికి వెళ్తే కడుతున్నారు. కట్టాల్సిందే, నేను వాటిని తప్పు పట్టడం లేదు, నా ఇద్దరు పిల్లలప్పుడు నేనూ ఆ సింగిల్ రేటు వాడుకున్న దాన్నే. అంటే కొన్ని పనులకి మనిషి ఉద్యోగం పక్కన పెట్టక తప్పదని, ఆ భారం అంతా వాళ్ల నెత్తినే వేయకూడదని మీరు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఏ పనుల్ని ఆ లెక్కలో వేస్తారన్నదే. పుట్టిన వాళ్లని చూసుకోవడం ఆ లెక్కలో ఉంది, ముసలివాళ్లని చూసుకోవడం లేదు. ఎందుకు లేదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. మన యూనియన్ ఒప్పందాల్లోనే కుటుంబ సంరక్షణ సెలవు ఉంది, మొత్తం ఉద్యోగ కాలంలో ఐదేళ్ల దాకా తీసుకోవచ్చు. ఐదేళ్లు ఇచ్చే పెద్ద మనసు మీకుంది. నాలుగో నెల నుంచి రేటు డబుల్ చేసేదీ మీరే.

పైగా మూడు నెలలు దాటిన సెలవు ఇంక్రిమెంటుకి లెక్కకి రాదు, వార్షిక సెలవులు పెరగడానికి చూసే సర్వీసులోనూ కలవదు. అవి నేను అడగడం లేదు. పని చేయని కాలానికి ఇంక్రిమెంటు రాదంటే ఒప్పుకుంటాను. పెన్షన్ సంగతి వేరు, దానికి నా డబ్బు నేను కడుతున్నాను.

ఇంగ్లండ్, వేల్స్‌లలో కౌన్సిల్ ఉద్యోగుల పెన్షన్ పథకం చూడండి. అనుమతి తీసుకుని పెట్టిన జీతం లేని సెలవుకి పోయిన పెన్షన్‌ని కొనుక్కోవాలనుకుంటే, తిరిగి చేరిన 30 రోజుల్లోపు అడిగితే ఆ ఖర్చులో మూడింట రెండు వంతులు యజమాని పెట్టుకోవాలని 2014లో వచ్చిన నిబంధనల్లో పెట్టారు, ఉద్యోగి మూడో వంతు కడితే సరిపోయేది. 30 రోజులు దాటితే, యజమాని గడువు పెంచితే తప్ప, మొత్తం ఉద్యోగిదే అయ్యేది, ఆ గడువు మరీ చిన్నదే. కానీ అలాంటి సెలవు ఎందుకు పెట్టావని అక్కడ రేటు మార్చలేదు. ఆ పథకం ఏమీ మునిగిపోలేదు.

ఇక కోర్టు సంగతి. 2020 అక్టోబరు 16న కెనడా సుప్రీంకోర్టు ఫ్రేజర్ కేసులో ఇచ్చిన తీర్పు మీ లాయర్లకి నాకన్నా బాగా తెలుసు, కానీ మా వాళ్లలో చాలామందికి తెలియదు. ఆర్‌సీఎంపీలో, అంటే ఫెడరల్ పోలీసుల్లో పనిచేసిన ముగ్గురు మహిళలు వేసిన కేసు అది. చిన్న పిల్లలున్నారని 1990ల చివర్లో వచ్చిన జాబ్ షేరింగ్ పథకంలో చేరారు, ఒక ఉద్యోగాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుని తక్కువ గంటలు చేయడం. ఆ తగ్గిన గంటలకి పెన్షన్ సర్వీసు కొనుక్కుంటాం అని అడిగితే కుదరదన్నారు. అదే మొత్తానికే జీతం లేని సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న వాళ్లయితే కొనుక్కోవచ్చు. ఆఖరికి సస్పెండ్ అయిన వాళ్లు కూడా కొనుక్కోవచ్చు! సగం రోజులు వచ్చి పని చేసిన తల్లులకి మాత్రం ఆ అవకాశం లేదు. ఫెడరల్ కోర్టులో ఓడిపోయారు, అప్పీలు కోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టులో ఆరుగురు జడ్జీలు వాళ్ల వైపు, ముగ్గురు ఎదురు. 2010 నుంచి 2014 దాకా అలా పని చేసిన వాళ్లంతా మహిళలేనని, ఎక్కువమంది పిల్లల కోసమే గంటలు తగ్గించుకున్నారని, పెన్షన్ నిబంధన పైకి అందరికీ ఒకేలా కనిపించినా దెబ్బ పడేది ఆడవాళ్ల మీదేనని, అది సమానత్వ హక్కుకి విరుద్ధమని మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ అబెల్లా తేల్చి చెప్పారు.

నా కేసు అదే అని నేను అనడం లేదు. నాకు కొనుక్కునే హక్కు ఉంది, ధర దగ్గరే పేచీ. కానీ ఆ తీర్పు అడిగిన ప్రశ్న మిమ్మల్నీ అడగొచ్చు. కుటుంబ సంరక్షణకని మూడు నెలలు దాటి సెలవు పెట్టే వాళ్లలో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు? వాళ్లలో ఎంతమంది రేటు చూసి హడలిపోయి సర్వీసు వదిలేసుకుంటున్నారు? ఈ లెక్కలు మీ దగ్గర ఉండాలి, జీతాలూ సెలవులూ పెన్షన్లూ అన్నీ మీ కంప్యూటర్లలోనే ఉన్నాయి కాబట్టి. బయట పెట్టండి.

డబ్బు లేదనడానికి కూడా లేదు. 2024 నవంబరులో మీ బోర్డే ప్రకటించింది, ఫెడరల్ ఉద్యోగుల పెన్షన్ నిధిలో చట్టం ఉంచుకోనిచ్చే దానికన్నా ఎక్కువ మిగులు పోగైందని, అందులోంచి 190 కోట్ల డాలర్లు ప్రభుత్వ ఖజానాకి మళ్లిస్తున్నామని. బాధ్యతలకి 25 శాతం మించి మిగులు ఉంటే దాన్ని తీసేయాల్సి ఉంటుందని చట్టం. సరే. యూనియన్లు అప్పుడే గొడవ చేశాయి, ఆ నిధిలో సగం మా జీతాల్లోంచి పోయిన డబ్బేనని, మాకు కాంట్రిబ్యూషన్ కొన్నాళ్లు తగ్గించొచ్చు కదా అని. లోటు వస్తే భరించేది ప్రభుత్వమే కాబట్టి మిగులూ ప్రభుత్వానిదే అని మీ సమాధానం. 1999లో ఇలాగే వేల కోట్ల మిగులు తీసుకున్నప్పుడు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2012లో తీర్పు ప్రభుత్వానికే అనుకూలంగా వచ్చింది, కాబట్టి చట్టప్రకారం మీదే పైచేయి అని నాకూ తెలుసు. నేను అడిగేది ఇంత. అంత నిధి పొంగి పొర్లుతుంటే, ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి వెళ్లిన వాళ్ల దగ్గర యజమాని వాటా కూడా పిండుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

మా లాంటి వలస వచ్చిన వాళ్లకి ఇది ఎందుకు ఎక్కువ తగులుతుందో కూడా వినండి. ఇక్కడ పుట్టిన మా సహోద్యోగి 23 ఏళ్లకి చేరి 58కి 35 ఏళ్ల సర్వీసు పూర్తి చేస్తుంది, ఏడాదికి 2 శాతం చొప్పున 70 శాతం పెన్షన్. మేము హైదరాబాదులోనో బెంగళూరులోనో పదేళ్లు పనిచేసి, ఇక్కడికొచ్చి ముందు చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, కెనడా అనుభవం లేదని తిప్పి పంపిస్తుంటే తిరిగి తిరిగి, ఏ 35 ఏళ్లకో 40 ఏళ్లకో ఫెడరల్ ఉద్యోగంలో పడతాం. అక్కడ చేసిన సర్వీసు ఇక్కడ పనికిరాదు. 35 ఏళ్ల సర్వీసు మా జాతకంలో లేదు, 20 ఏళ్లు దాటితే గొప్ప. అలాంటి వాళ్లకి ఒక్కో ఏడాది ఎంత ముఖ్యమో ఆలోచించండి. 2013 జనవరి 1 తర్వాత చేరిన వాళ్లకి కోత లేని పెన్షన్ వయసు కూడా 60 నుంచి 65కి జరిగింది, మా వాళ్లలో సగానికి సగం ఆ బ్యాచే. పోయిన 2025 నవంబరు బడ్జెట్‌లో ఫెడరల్ ఉద్యోగుల సంఖ్యని 2028-29 నాటికి దాదాపు 3,30,000కి తగ్గిస్తామన్నారు, ముందుగా రిటైరయ్యే వాళ్లకి పెన్షన్ కోత మాఫీ చేస్తామన్నారు, దాంతో ఇప్పుడు ఆఫీసులో టీ తాగే చోట ఎవరిని చూసినా సర్వీసు ఎన్నేళ్లయిందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నారు.

"అమ్మనే ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదా" అని నన్ను అడిగిన వాళ్లున్నారు, మంచి ఉద్దేశంతోనే. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ తలుపు ఎంత తెరిచి ఉందో మీ ప్రభుత్వానికే తెలుసు, 2020లో ఆసక్తి ఫారం నింపిన వాళ్లలోంచే 2025 దాకా లాటరీ తీస్తూ వచ్చారు. తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా ఉంది, ఒక్కసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు, కాకపోతే మెడికల్ పాసవ్వాలి, కనీసం లక్ష డాలర్ల ప్రైవేటు ఇన్సూరెన్స్ కొనాలి. ఎముక విరిగి, షుగరుతో ఉన్న 76 ఏళ్ల మనిషికి ఆ ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీని, ఆ ఎముకతో పద్దెనిమిది గంటల ప్రయాణం చేయించే డాక్టర్నీ చూపించండి. ఆవిడని తెచ్చుకోలేను, వదిలేయలేను, వెళ్లాను. వెళ్లినందుకు ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు, "అమెరికా నుంచి వచ్చి మరీ చూసుకుంటోంది" అని. (కెనడా అని ఎన్నిసార్లు చెప్పినా అమెరికానే.)

మా బావగారు అక్కడ గవర్నమెంటు టీచరు, 2004 సెప్టెంబరు తర్వాత చేరిన వాళ్లు కాబట్టి సీపీఎస్, అంటే ఇంత పెన్షన్ వస్తుందని హామీ లేని కాంట్రిబ్యూటరీ పథకం. ఈ గొడవంతా చెప్తే ఆయన నవ్వారు. "మీకు డబ్బు కడితే సర్వీసు కలిసే దారైనా ఉందమ్మా, మాకు గ్యారంటీ పెన్షనే లేదు" అన్నారు. నిజమే, ఆ పోలికలో మేము అదృష్టవంతులమే. అందుకే ఇక్కడ ఉన్న దాన్ని పాడుచేయకండి అంటున్నాను.

మీతో పాటు మా వాళ్లూ చదువుతారు కాబట్టి వాళ్లతో కాసేపు మాట్లాడతాను, ఏమనుకోకండి.

ఫెడరల్ ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ అక్కలూ, డబుల్ అనగానే గుండె గుభేలుమని "వద్దు" అని రాసిచ్చేయకండి. పైన చెప్పిన ఉదాహరణే చూడండి, 13,650 కడితే ఒక ఏడాది సర్వీసు కలుస్తుంది. 80,000 మీద 2 శాతం అంటే పెన్షన్ ఏడాదికి 1,600 డాలర్లు పెరుగుతుంది, 65 దాటాక సీపీపీతో (కెనడాలో పనిచేసే వాళ్లందరికీ ఉండే ప్రభుత్వ పెన్షన్‌తో) సర్దుబాటు చేసి కొంత తగ్గిస్తారు, అయినా బతికున్నన్నాళ్లూ వస్తుంది, ధరలతో పాటు పెరుగుతుంది, మన తర్వాత భర్తకో భార్యకో అందులో సగం వెళ్తుంది. పదకొండు పన్నెండేళ్లలో పెట్టింది వెనక్కొస్తుంది, పైగా పెన్షన్ లెక్క చివరికి వచ్చేసరికి మన జీతం ఇప్పటి జీతం కాదు, బాగా జీతమొచ్చిన ఐదేళ్ల సగటు చూస్తారు. కట్టిన దానికి పన్నులో మినహాయింపు కూడా ఉంటుంది. నేను కట్టింది ఈ లెక్క చూసే. అన్యాయమైన ధరే, అయినా బయట ఆ డబ్బుకి అలాంటి వస్తువు దొరకదు. ఇప్పుడు వద్దని తర్వాత ఎప్పుడో బైబ్యాక్ చేద్దామనుకుంటే, అంటే వదిలేసిన సర్వీసుని మళ్లీ కొనుక్కుందామనుకుంటే, ఖర్చు పెరిగే అవకాశమే ఎక్కువ, వడ్డీ కూడా పడుతుంది. నిజంగా చేతిలో డబ్బు ఆడకపోతే అది వేరే సంగతి, అప్పు చేసి కట్టమని నేను చెప్పను. సెలవు పెట్టేముందే, ఊరెళ్లే హడావుడిలో ఉన్నా సరే, ఎన్ని నెలలకి ఎంత పడుతుందో కాగితం మీద రాయించుకోండి, ఫోన్లో ఎవరో చెప్పిన మాట నమ్మకండి. పెన్షన్ సెంటర్ న్యూబ్రన్స్‌విక్‌లోని షెడియాక్‌లో ఉంది, సెలవు బాకీల సంగతి అక్కడి వాళ్లకి మన ఆఫీసు వాళ్లకన్నా బాగా తెలుసు. ఇంకో మాట, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైన ఇళ్లలో అత్తగారికి బాగాలేకపోయినా సెలవు పెట్టేది కోడలే ఎందుకవుతోందో ఒకసారి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఈ డబుల్ రేటు ఎవరి పెన్షన్‌లోంచి పోతోందో అప్పుడు మగవాళ్లకీ అర్థమవుతుంది.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. రేటు మార్చడానికి టైము పడుతుందంటే, చర్చలూ అధ్యయనాలూ అంటే, ఈలోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వద్దని చెప్పే గడువు మూడు నెలల నుంచి ఏడాదికి పెంచండి. అయినవాళ్లని పోగొట్టుకుని కర్మకాండలు ముగించుకుని వచ్చిన వాళ్లు కూడా మీ మూడు నెలల్లోనే ఇరవై ఏళ్ల తర్వాతి పెన్షన్ గురించి నిర్ణయం తీసుకోవాల్సి వస్తోంది, నేను ఎరిగిన ఒకావిడ దినకర్మ అయిన వారానికి తిరిగొచ్చి, ఏ కాగితమూ ముట్టుకునే స్థితిలో లేక, గడువు దాటిపోయాకే సంగతి తెలుసుకుంది. వసూలు కాలం కూడా ఉద్యోగి కోరితే మూడింతలో నాలుగింతలో చేయండి. సెలవు మంజూరు చేసే కాగితంతో పాటే అంచనా లెక్క కూడా ఇవ్వండి, "నాలుగో నెల నుంచి డబుల్" అన్న మాట అందులో పెద్దక్షరాలతో ఉండాలి. పే స్లిప్‌లో ఆ కోడ్ పక్కన మనిషికి అర్థమయ్యే మాట ఒకటి వేయండి. వీటికి పెద్దగా ఖర్చు కాదు.

రేటు విషయంలో మాత్రం నాకు సూటిగా జవాబు కావాలి. పెన్షన్ సలహా కమిటీలో యూనియన్ల ప్రతినిధులు ఉన్నారు, దీన్ని వాళ్ల ముందు పెట్టండి. పెట్టి, కుటుంబ సంరక్షణ సెలవుకి సింగిల్ రేటు వర్తింపజేస్తే ఏడాదికి ప్రభుత్వం మీద ఎంత భారం పడుతుందో లెక్క కట్టించి ప్రకటించండి. ఆ అంకెని 2024లో ఖజానాకి మళ్లించిన 190 కోట్ల పక్కన పెట్టి చూద్దాం, మీరూ చూడండి, మేమూ చూస్తాం. చూశాక కూడా కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి, దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో మేము చూసుకుంటాం.

ఇట్లు,
ఇంకా బాకీ తీరని ఒక ఫెడరల్ ఉద్యోగిని,
ఒట్టావా